హిమాయత్‌నగర్ హార్మోన్ల క్లినిక్: వెయిటింగ్ నరకం, డాక్టర్ మాత్రం బంగారం

మూడు మాత్రలు వాడినా మా అమ్మ బీపీ దిగలేదు. పైగా రక్తంలో పొటాషియం బాగా తక్కువ, 2.9. రాత్రుళ్లు పిక్కలు పట్టేసి లేచి కూర్చునేది.

ఆరింటికి అపాయింట్‌మెంట్, లోపలికి పిలిచింది ఎనిమిదింబావుకి. హాలంతటికీ ఒకటే ఫ్యాన్. కానీ డాక్టరుగారు చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆల్డోస్టిరాన్ అనే స్టిరాయిడ్ హార్మోన్ కిడ్నీ కణంలోకి నేరుగా దూరి, అక్కడి రిసెప్టర్‌ని, అంటే హార్మోన్ అతుక్కునే ప్రోటీన్‌ని పట్టుకుని జీన్లను లేపుతుందట. దాంతో కణం పొర మీద సోడియం చానెళ్లు, అంటే ఉప్పులోని సోడియం లోపలికొచ్చే దారులు పెరుగుతాయి. ఉప్పూ నీరూ ఒంట్లోనే ఉండిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది.

"అంటే ఉప్పుకి తలుపులు ఎక్కువ పెట్టిందన్నమాట" అంది అమ్మ.

"అంతేనమ్మా!" అన్నారాయన.

స్పైరనోలాక్టోన్ అనే మందు రాశారు. అది ఆ రిసెప్టర్‌కే అడ్డం పడుతుంది, పని కనిపించడానికి టైం పడుతుంది, రెండ్రోజులకే బీపీ చూసుకుని టెన్షన్ పడొద్దన్నారు. మూడు వారాలకి పొటాషియం 4.1కి, అంటే నార్మల్‌కి వచ్చింది.

పార్కింగ్ లేదు, ఆటోలో వెళ్లండి. రిసెప్షన్‌లో అమ్మాయి ఫోనెత్తదు, మూడుసార్లు చేశాను.