పసిబిడ్డ తల ఒకవైపు చదునైతే: వ్యాయామమా, హెల్మెట్టా, ఏది మేలు?

డాలస్‌లో పుట్టిన మా అబ్బాయికి తల వెనుక కుడివైపు చదునుగా ఉందని, ఆ పక్క చెవి కాస్త ముందుకు జరిగిందని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి, తల ఆకారం సరిదిద్దేందుకు పెట్టిన హెల్మెట్‌ను పూర్తిగా తీసేసేదాకా మా ఇంట్లో చర్చంతా ఒక్క విషయం మీదే నడిచింది. ఓపికగా వ్యాయామాలు చేయించడమా, హెల్మెట్ పెట్టించడమా, లేక ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు చెప్పినట్టు ఆవాల దిండు, మర్దనలతో సరిపెట్టుకోవడమా? ఆ మూడింటినీ దగ్గరగా చూశాను కాబట్టి ఇదే నిర్ణయం ముందున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. బిడ్డలను బోర్లా నిద్రపుచ్చవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల సంఘం 1992లో సూచించింది, వెల్లకిలా పడుకోబెట్టాలని 1994లో దేశమంతా ప్రచారం మొదలైంది. ఆ తర్వాత నిద్రలో జరిగే హఠాత్ శిశుమరణాలు దాదాపు సగానికి తగ్గాయి, తల వెనుక చదును మాత్రం ఎక్కువగా కనిపించసాగింది. అందుచేత తల కోసం బిడ్డను బోర్లా నిద్రపుచ్చడం ఏ పరిస్థితిలోనూ తగదు. పుర్రె ఎముకల అతుకులు ముందుగానే మూసుకుపోయే జబ్బు కాదని కూడా డాక్టరు తేల్చాలి, ఎందుకంటే దానికి సాధారణంగా శస్త్రచికిత్స కావాలి, ఇక్కడ చెప్పే దారులేవీ పనికిరావు.

మొదటి స్థానం వ్యాయామానిదే. చాలామంది పిల్లల్లో అసలు చిక్కు తలలో కాదు, మెడలో ఉంటుంది. ఒకపక్క కండరం బిగిసి ఉంటే బిడ్డ ఎప్పుడూ ఒకే వైపు తిరిగి పడుకుంటాడు, ఆ వైపే చదునవుతుంది. మావాడి సంగతీ అదే. ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు, భుజం లేవకుండా ఒక చేత్తో అదిమి పట్టి, రెండో చేత్తో గడ్డాన్ని మెల్లగా ఎడమ భుజం వైపు తిప్పి కాసేపు అలాగే ఉంచేదాన్ని. గది తలుపు ఎడమవైపు పడేలా తొట్టిలో తలాపు మార్చాము, మెలకువగా ఉన్నప్పుడు రోజుకు చాలాసార్లు బోర్లా వేశాము. దీనికి ఖర్చు తక్కువ, శ్రమ ఎక్కువ. అయినా మెడ తిరగని బిడ్డకు ఏ హెల్మెట్ పెట్టినా మూలకారణం అలాగే ఉండిపోతుంది కాబట్టి ఈ మెట్టును దాటవేయడం సరికాదు.

ఆవాల దిండు విషయంలో నాకు సందేహం లేదు. “మీ ఆయనకూ ఇదే వేశానమ్మా, తల ఎంత గుండ్రంగా ఉందో చూడు” అన్న అత్తయ్యగారి మాటలో ప్రేమ ఉంది. కానీ నిద్రపోయే పసిబిడ్డ దగ్గర ఏ దిండూ ఉండకూడదు, తలకు ఆకారం ఇస్తాయనే దిండ్లు వాడవద్దని 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది. కాళ్ళమీద వేసుకుని లాలపోసేటప్పుడు మాడుకు నూనె రాయడం హాయిగానే ఉంటుంది, గట్టిగా ఒత్తి ఎముకను దిద్దాలనుకోవడమే ప్రమాదం.

ఇక హెల్మెట్. అది తలను నొక్కుతుందని చాలామంది భయపడతారు. నిజానికి ఉబ్బిన చోట ఆనుకుని, చదునైన చోట ఖాళీ వదిలి, పెరిగే తలను ఆ ఖాళీలోకి మళ్ళిస్తుంది. కాబట్టి దాని బలమంతా తల పెరుగుదలలోనే ఉంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య తల చుట్టుకొలత నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఆ తర్వాత అందులో సగమే. రోజుకు 23 గంటలు పెట్టి ఉంచాలి. టెక్సాస్ ఎండల్లో తీసిన ప్రతిసారీ జుట్టు తడిసి ముద్దయ్యేది, లోపలి ఫోమ్‌కు పట్టిన చెమట వాసనను స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టేదాన్ని, చర్మం మీది ఎర్రమచ్చ గంటలోపు పోయిందో లేదో చూసుకునేదాన్ని. మావాడి తల బాగా సర్దుకుంది, సన్నని తేడా మిగిలింది, జుట్టు పెరిగాక అదీ కనిపించడం లేదు.

అయితే ఆ మార్పంతా హెల్మెట్ వల్లే వచ్చిందని నేను అనలేను. 2014లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన డచ్ అధ్యయనంలో 84 మంది పిల్లలను రెండు గుంపులు చేసి చూస్తే, రెండేళ్ళ వయసుకు పూర్తిగా బాగైనవారు హెల్మెట్ పెట్టినవారిలో 26 శాతం, పెట్టనివారిలో 23 శాతం. తేడా లేనట్టే. కానీ అందులో మరీ తీవ్రమైన చదును ఉన్నవారిని, మెడ బిగిసినవారిని చేర్చుకోలేదు కనుక మావాడిలాంటి బిడ్డకు ఆ లెక్కను నేరుగా అన్వయించలేము. కాంగ్రెస్ ఆఫ్ న్యూరలాజికల్ సర్జన్స్ అనే అమెరికా మెదడు శస్త్రవైద్యుల సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు నాకు ఎక్కువ సబబుగా తోచాయి. వ్యాయామం, స్థానం మార్చడం చేసినా మధ్యస్థం నుంచి తీవ్రమైన చదును మిగిలితే, లేదా బిడ్డను ఆలస్యంగా తీసుకొస్తే, అప్పుడు హెల్మెట్‌ను సిఫారసు చేస్తాయి.

తేడా స్వల్పంగా ఉంటే నేనైతే హెల్మెట్ జోలికి వెళ్ళను. బిడ్డ తనంతట తానే కూర్చుని, పాకే రోజుల్లో తల మీద ఒత్తిడి ఎలాగూ తగ్గుతుంది. ఇక్కడ వేల డాలర్ల ఖర్చు, బీమా ఒప్పుకుంటుందన్న భరోసా లేదు. మధ్యస్థమో, అంతకు మించో అయితే నాలుగో నెలలో వ్యాయామం ముమ్మరం చేసి, ఆరో నెలకు తల ఆకారాన్ని కొలిచే స్కాన్‌లో మార్పు రాకపోతే హెల్మెట్‌కే ఓటు వేస్తాను. తీవ్రత ఎంతో హెల్మెట్ అమ్మేవారి మాట మీద కాక, బిడ్డను మొదటినుంచీ చూస్తున్న పిల్లల డాక్టరుతో మరోసారి నిర్ధారించుకున్నాకే డబ్బు కట్టండి.