శాన్ ఆంటోనియో మిషన్లు: హోటల్లో పోయిన డబ్బులు, ఫ్రీగా దొరికిన ఫోటోలు

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోకి మిషన్లు (స్థానిక తెగలని క్రైస్తవంలోకి మార్చడానికి స్పెయిన్ పాదిరీలు కట్టిన పాత చర్చి ఆవరణలు) చూడ్డానికి వెళ్లాం. ముందు హోటల్ సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. ఊరి మధ్య నది ఒడ్డునున్న రివర్ వాక్ దగ్గర 119 డాలర్లని బుక్ చేశాను. ఖాళీ చేసే రోజు పార్కింగ్‌కి 45, సదుపాయాల రుసుమట ఇంకో 22, పైన పన్నులు, మొత్తం 213 బిల్లు చేతిలో పెట్టారు. ఏంటండీ ఆ సదుపాయం అంటే లాబీలో కాఫీ అట! మేం తాగనే లేదు. అత్తయ్యగారు అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చి లెక్క కట్టి, ఎస్పాదా అనే మిషన్ చేరేదాకా నాతో మాట్లాడలేదు.

డాలస్ నుంచి డ్రైవ్ మామూలే, ఆస్టిన్ ట్రాఫిక్ తప్ప. మొదటి రోజు అందరిలాగే అలమో చూశాం. 1836లో టెక్సస్ వాళ్లకీ మెక్సికో సైన్యానికీ యుద్ధం జరిగిన పాత మిషన్ కాబట్టి చూడాలి, కానీ ఏ ఫోటో తీసినా ఎవరిదో ఒక తల అడ్డం. గంట చాలు.

అసలు చూడాల్సింది ఊరికి దక్షిణాన ఉన్న మిషన్ శాన్ హొసే. 1720లో మొదలైంది, 2015 నుంచి మిగతా మిషన్లతో కలిపి యునెస్కో జాబితాలో ఉంది, అయినా టికెట్ లేదు, పార్కింగ్‌కి పైసా లేదు. మేం పొద్దున్నే వెళ్లి తప్పు చేశాం. చర్చి ముఖం పడమరకి, శిల్పాలన్నీ నీడలో ఉన్నాయి. పైగా లోపల పెళ్లి జరుగుతోంది (ఇప్పటికీ పూజలు జరిగే చర్చే ఇది), కాబట్టి శనివారం వెళ్లేవాళ్లు జాగ్రత్త. దక్షిణపు గోడకున్న రోజ్ విండో (రాతి చెక్కడాల కిటికీ) మాత్రం ఏటవాలు ఎండలో రాతి మడతలతో సహా ఫోటోలో పడింది. గోపురం పడిపోతే 1930ల్లో మళ్లీ కట్టారు, ఆ సంగతి తెలిసే చూడండి. ఎక్కువ మార్చని పాతది కావాలంటే 1755 నాటి కాన్సెప్సియోన్ మిషన్‌కి వెళ్లండి, లోపల గోడల మీద అప్పటి రంగులు ఇంకా ఉన్నాయి. శాన్ హొసే ప్రహరీ పొడవునా స్థానిక తెగల కుటుంబాలు ఉన్న ఇరుకు గదులు చూసి మా ఆవిడ, "చర్చి అంత, వీళ్ల గది ఇంతేనా" అంది.

వెలుతురు తిరిగేలోపు ఎస్పాదా వెళ్లొద్దామన్నాను. అక్కడ రాతి వంతెనమీదుగా 1740ల నాటి కాలువ ఇంకా పారుతోంది. అత్తయ్యగారు చెప్పులు విప్పి గట్టున కూర్చుని, "మన తెనాలి కాలువలాగే ఉంది కదయ్యా" అన్నారు. పొద్దుటి నుంచి నాతో అన్న మొదటి మాట అదే. నాలుగింటికి శాన్ హొసేకి తిరిగొస్తే ముఖద్వారం మొత్తం బంగారు రంగులో ఉంది, నలభై ఫోటోలు తీశాను, అన్నిట్లోనూ అత్తయ్యగారు నవ్వుతూనే ఉన్నారు.