పంచెతో మామయ్యగారు, అద్దె సూటుతో నేను: ఓడలో అట్లాంటిక్ దాటిన ఏడు రాత్రులు

క్రూయిజ్ బుక్ చేసుకున్నాక వచ్చే కాగితాల్లో ‘ఫార్మల్ నైట్’ అన్న మాట చూసి టెన్షన్ పడే మగవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆడవాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు, బీరువాలోంచి ఏ పట్టుచీర తీసినా సరిపోతుంది. చిక్కంతా మనకే.

నాకు మొదటి దెబ్బ కొన్నేళ్ల కిందట బార్సిలోనాలో ఎక్కిన ఓడలో తగిలింది, కంపెనీ పేరు ఎందుకులెండి. మూడోరోజు సాయంత్రం ఊరంతా తిరిగొచ్చి, ఆకలి మీద అదే నిక్కరుతో డైనింగ్ హాలుకి వెళ్తే గుమ్మం దగ్గర అబ్బాయి చాలా మర్యాదగా ఆపేశాడు. లోపల అందరూ పెళ్లివారిలా ఉన్నారు. మా ఆవిడ గదికి వెళ్లి పది నిమిషాల్లో చీర కట్టుకొచ్చి లోపల కూర్చుంది, నేను పై డెక్ మీద పిజ్జా తిన్నాను. తప్పు నాదే, రోజూ గదిలో పెట్టే కాగితంలో ఆ రాత్రి ఏం వేసుకోవాలో రాసే ఉందట, నేను చదవలేదు.

ఈసారి కథ వేరు. మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. తాడేపల్లిగూడెం నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు, ఇక్కడినుంచి న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది దగ్గరికి వెళ్లాలి. మామయ్యగారికి ఎప్పటినుంచో ఓడెక్కాలని కోరిక. అందుకని అక్టోబర్‌లో క్యూనార్డ్ కంపెనీవాళ్ల క్వీన్ మేరీ 2 అనే ఓడ మీద సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి నలుగురం బయల్దేరాం. ఏడు రాత్రులు, మధ్యలో ఎక్కడా ఆగదు, చుట్టూ నీళ్లే. 2004లో మొదటి ప్రయాణం చేసిన ఈ ఓడ పొడవు 345 మీటర్లు. విమానంలోలా ఇన్నే పెట్టెలన్న లెక్క లేదు, అత్తయ్యగారికి అన్నిటికంటే నచ్చింది అదే. వీసా సంగతి మాత్రం విమానంతో సమానమే, మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అమెరికా వీసా ఉండాల్సిందే.

ఇప్పుడున్న ఓడల్లో బట్టల పట్టింపు బాగా ఎక్కువున్నది ఈ కంపెనీకే. సాయంత్రం ఆరు దాటాక నిక్కర్లు, చిరుగుల జీన్సు కుదరవు. మామూలు రాత్రుల్లో కాలరున్న చొక్కా, మంచి ప్యాంటు చాలు, కోటు ఉంటే ఇంకా మంచిది. వారంలో రెండు రాత్రులు ‘గాలా’. ఆ రెండు రాత్రులూ మగవాళ్లు టక్సీడో (బో టైతో వేసుకునే నల్ల విందు సూటు) గానీ, ముదురు రంగు సూటూ టై గానీ వేసుకోవాలి. మాకు ఒకటి నలుపు తెలుపు రాత్రి, ఇంకొకటి ముఖానికి మాస్కులు పెట్టుకునే రాత్రి. కొన్ని ప్రయాణాల్లో ఎరుపు బంగారు రంగుల రాత్రి కూడా పెడతారు. ఇదంతా నా వల్ల కాదనుకుంటే బఫేకి గానీ, పబ్‌కి గానీ వెళ్లి తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

బట్టల నిబంధనల్లో ‘జాతీయ దుస్తులు’ కూడా సరిపోతాయని రాసుంది. అది నేను చదివాను గానీ, పంచె లెక్కలోకి వస్తుందని బుర్రకు తట్టలేదు! ఆరునెలల ముందే ఇద్దరికీ సూట్లు అద్దెకి తీసుకుందామంటే మామయ్యగారు ఒప్పుకోలేదు. ఆయన రిటైరైన సోషల్ మాస్టారు, ఏది అడిగినా పాఠంతోనే మొదలుపెడతారు. ‘అల్లుడుగారూ, గాంధీగారు 1888లో సూటు వేసుకుని ఇంగ్లండ్ వెళ్తే ఎవరూ పట్టించుకోలేదు. 1931లో కొల్లాయి గుడ్డతో వెళ్తే రాజుగారు కోటకి పిలిచి టీ ఇచ్చారు. మీరు సూటు వేసుకోండి, నేను పంచె కట్టుకుంటాను.’ ఎందుకైనా మంచిదని కంపెనీకి మెయిల్ పెట్టాను. పట్టుపంచె, జుబ్బా, కండువా నిక్షేపంగా వేసుకోవచ్చని జవాబొచ్చింది. దాని ప్రింటు తీసి ఆయన జేబులో కూడా పెట్టాను, ఓడలో ఎవరూ అడగలేదు.

నేను మాత్రం పంతానికి పోయి మా ఊళ్లో ఒక దుకాణంలో టక్సీడో అద్దెకి తీసుకున్నాను. రెండు పొరపాట్లు చేశాను. వేసుకుని చూడకుండా కొలతలు ఫోన్‌లో చెప్పాను, ప్యాంటు నాలుగు వేళ్లు పొడవొచ్చింది, మా ఆవిడ పిన్నీసులతో మడిచి పెట్టింది. రెండోది ఇంకా ఘోరం. ఓడ అటు వెళ్తుంది, నేను న్యూజెర్సీలో రెండు వారాలుండి విమానంలో తిరిగొస్తాను, అంటే సూటు కూడా నాతోపాటు రెండు వారాలు అక్కడే ఉంటుంది కదా, అద్దె రోజుల లెక్కన కదా, ఆ ముక్క బుక్ చేసేటప్పుడు నాకు గానీ దుకాణం వాడికి గానీ తట్టలేదు. చివరికి కట్టిన డబ్బుతో ఒక మోస్తరు నల్ల సూటు కొనేసుకునేవాణ్ని. మీరు కొనేసుకోండి. ముదురు సూటైతే తర్వాత పెళ్లిళ్లకి, ఇంటర్వ్యూలకి పనికొస్తుంది.

ఇస్త్రీ సంగతి విడిగా చెప్పాలి. గదిలో ఇస్త్రీపెట్టె వాడనివ్వరు, అగ్నిప్రమాదం భయం. దానికి వేరే లాండ్రీ గదులున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. గాలా రోజు మధ్యాహ్నం నుంచే అక్కడ క్యూ. నాలుగు గజాల పట్టుపంచె ఆ చిన్న బల్ల మీద పరిస్తే సగం నేల మీదికి జారిపోతోంది. వెనకాల నిలబడ్డ ఇంగ్లీషు పెద్దాయన కాసేపు చూసి, ‘టేబుల్ క్లాతా?’ అని అడిగాడు. మామయ్యగారు ఇంగ్లీషులో పంచె మీద పావుగంట పాఠం చెప్పారు. ఆ పెద్దాయన రెండో కొస పట్టుకుని నిలబడి, జరీ అంచు కాలకుండా మీద రుమాలు వేయమని సలహా కూడా ఇచ్చాడు. అందుకే చెబుతున్నా, ఇస్త్రీ పని ఎక్కిన రోజునే ముగించేసుకోండి.

మొదటి గాలా రాత్రి అత్తయ్యగారితో చిన్న గొడవ. నలుపు తెలుపు రాత్రి కదా అని మా ఆవిడ నల్ల ఉప్పాడ చీర ఇవ్వబోతే, ‘సముద్రం మధ్యలో నలుపేమిటే’ అని ఆవిడ మొహం తిప్పేసుకున్నారు. మీగడ రంగు వెంకటగిరి కట్టుకున్నారు, దివ్యంగా సరిపోయింది. మామయ్యగారిది ఎలాగూ తెల్లపట్టే. పైకి పిన్నీసూ లోపల బెల్టూ పెట్టుకుని, గోచీ పోసి కట్టారు. లిఫ్టులో కిల్టు, అంటే మోకాళ్ల దాకా ఉండే గళ్ల లంగాలాంటిది వేసుకున్న స్కాట్లండ్ ఆయన ఎక్కాడు. ఇద్దరూ ఒకరినొకరు కిందినుంచి పైదాకా చూసుకుని, ఆయన చెయ్యి చాపి గట్టిగా కలిపాడు. దిగాక మామయ్యగారు, ‘ఆయనదీ మనలాంటిదే, కాకపోతే కురచ’ అన్నారు.

డైనింగ్ హాల్లో ఆ రాత్రి ఫోటో తీసుకుందామని మా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా నన్ను రమ్మనలేదు, ఫోన్ నా చేతికిచ్చి తీయమన్నారు. ఆ హాల్లో నాలాంటి నల్లకోట్లు వందలున్నాయి మరి. అన్నట్టు ఆ కోటుకి పేరు న్యూయార్క్ దగ్గరున్న టక్సీడో పార్క్ నుంచి వచ్చింది, 1886లో మొదలైన అక్కడి క్లబ్బులో వేసుకునేవారట. ఇదీ మామయ్యగారే చెప్పారు, నాకు పిన్నీసు గుచ్చుకుంటున్నప్పుడు.

ఒక్కటి, పంచె డెక్ మీదికి పనికిరాదు. ఏడో డెక్ మీద ఓడ చుట్టూ నడిచే దారి ఉంది, మూడు చుట్లు తిరిగితే మైలు దాటుతుంది. అక్టోబర్‌లో అట్లాంటిక్ గాలి మామూలుగా ఉండదు. ఆయన భోజనం కాగానే అలాగే నడకకి వెళ్లి, కండువా ఒకచోట, గోచీ ఒకచోట అయ్యి, రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వచ్చారు. మర్నాటి నుంచి నడకకి ట్రాక్ ప్యాంటు.

మాస్కుల రాత్రికి మాస్కులు ఇంటి దగ్గరే కొనుక్కెళ్లండి. కళ్లజోడు ఉన్నవాళ్లు కర్రకి అతికించి చేత్తో పట్టుకునేవి తీసుకోండి, లేకపోతే గిన్నెలో సూప్ కనబడదు.

మిగతావి క్లుప్తంగా. మేము తీసుకున్నది ఓడ గోడలోకి తొలిచినట్టుండే బాల్కనీ గది. కూర్చుంటే ఎదురుగా ఇనుపగోడే, సముద్రం చూడాలంటే లేచి నిలబడాలి, కానీ చలిగాలి కొట్టదు, ఈ దారికి అదే మేలు. అత్తయ్యగారు వాళ్లకి లోపలి గది తీసుకున్నాం, కిటికీ లేదు, ధర తక్కువ, పడుకోడానికి తప్ప గదికి వెళ్లనివాళ్లకి అది చాలు. ఖరీదైన పెద్ద గదులు తీసుకున్నవాళ్లకి వేరే భోజనశాలలున్నాయి, పాతకాలం ఓడల్లో తరగతుల వాసన ఇంకా పోలేదు, కానీ బట్టల నియమం మాత్రం అందరికీ ఒకటే. శాకాహారం ముందురోజు రాత్రే చెబితే పప్పు, కూర చేసిపెట్టారు. ఉప్పూకారం మన స్థాయిలో ఉండవు, ప్యాకెట్ కందిపొడి ఆదుకుంది. మధ్యాహ్నం క్వీన్స్ రూమ్‌లో తెల్లగ్లవుజులు వేసుకున్న సర్వర్లు టీ ఇస్తారు, అది మానకండి. పడమటికి వెళ్తాం కాబట్టి ఐదు రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, పెద్దవాళ్లకి రోజూ గంట నిద్ర కలిసొచ్చింది. అదే న్యూయార్క్ నుంచి ఇటు వస్తే ఆ గంటలన్నీ పోతాయి. సర్వీస్ ఛార్జీ రోజువారీగా బిల్లులో పడుతుంది, చూసుకోండి.

ఆఖరి రాత్రి గాలా ఉండదు, ఎందుకంటే పెట్టెలు సర్ది గది బయట పెట్టేయాలి. పొద్దున వేసుకునే బట్టలు కూడా వాటిలో సర్దేసి, నైట్‌డ్రెస్సు మీద టక్సీడో కోటు తొడుక్కుని ఇమిగ్రేషన్ దాకా వెళ్లినవాణ్ని నేను చూశాను. అద్దంలో.

తెల్లవారకముందే న్యూయార్క్ రేవు ముఖద్వారంలో ఉన్న వెరజానో వంతెన కింద నుంచి వెళ్తాం, పొగగొట్టం దానికి తగులుతుందేమో అనిపించేంత దగ్గరగా. మంకీ క్యాప్ పెట్టుకుని, మళ్లీ పంచెలోకి మారిన మామయ్యగారు అందరికంటే ముందు రెయిలింగ్ దగ్గరున్నారు. బ్రూక్లిన్‌లో దిగేసరికి మా బావమరిది కారు పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్నాడు, నిక్కరు, రబ్బరు చెప్పులు, అక్టోబర్ చలిలో. మామయ్యగారు వాణ్ని కిందినుంచి పైదాకా చూసి నావైపు తిరిగారు.

‘మావాణ్ని గుమ్మంలోనే ఆపేసేవాళ్లండీ అల్లుడుగారూ.’