అర ఇంచు ఎయిర్ ఇంపాక్ట్ గన్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

"కొత్తలో నట్టు మీద పెట్టగానే ఊడొచ్చేది, ఇప్పుడు ఊపు తగ్గిపోయింది." ఎయిర్ గన్, అంటే కంప్రెషర్ గాలితో చక్రాల నట్లు విప్పే, బిగించే పనిముట్టు గురించి తరచూ వినే ఫిర్యాదు ఇది. నా అనుభవంలో ఆ తగ్గుదలకు కారణం చాలాసార్లు గన్‌లో ఉండదు, దాని దాకా వచ్చే గాలిలో ఉంటుంది. ఒకే అర ఇంచు ట్విన్ హ్యామర్ (లోపల రెండు సుత్తులుండే) గన్‌ను ఏళ్లుగా రోజూ వాడుతున్నాను. అర ఇంచు అనేది సాకెట్ (నట్టుకు తొడిగే గిన్నె) తగిలించే మొన కొలత. ఈపాటికి దాని లోపలి భాగాలన్నీ చేతికి అలవాటైపోయాయి.

మా టైర్ల షాపు హనుమాన్ జంక్షన్ దగ్గర, హైవే పక్కన. కార్లు, ఆటోలు ఎలాగూ వస్తాయి. వాటితో పాటు కైకలూరు వైపు నుంచి చేపలు, ఐసు మోసే పికప్ బళ్లు ఎక్కువ. ఐసు కరిగిన నీళ్లు రోజంతా చక్రాల మీదికి కారుతుంటాయి కాబట్టి వాటి స్టడ్లు (నట్టు ఎక్కే మరలు) తుప్పు పట్టి నట్టుతో కలిసిపోతాయి. వీల్ పానా మీద మనిషి నిలబడి ఊగినా కదలని నట్లు అవి. అలాంటి బండిని గన్‌తో విప్పితే తేడా ఒక్క పూటలోనే తెలుస్తుంది. విప్పే పనిలో ఈ గన్‌కు నేను నిస్సందేహంగా పూర్తి మార్కులు వేస్తాను.

గన్ లోపల గాలి ఒత్తిడితో రోటరు (తిరిగే భాగం) తిరుగుతుంది, రోటరుతో పాటు హ్యామర్లను పట్టి ఉంచే హ్యామర్ కేజ్ తిరుగుతుంది. అందులోని రెండు హ్యామర్లు యాన్విల్ అనే ఇరుసును రెండు వైపుల నుంచి కొడతాయి. సాకెట్ తగిలించే చతురస్రపు మొన ఆ యాన్విల్‌దే. దెబ్బ వెనుక ఉన్నది తిరిగే వేగం. శక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి వేగం కొద్దిగా పడిపోయినా దెబ్బ బాగా పడిపోతుంది. అందుకే ఒత్తిడి లెక్క ముఖ్యం. ఇలాంటి గన్‌లకు కంపెనీలు మామూలుగా చెప్పేది 90 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో గాలి ఒత్తిడి). ఆ 90 ఉండాల్సింది గన్ దగ్గర, అదీ ట్రిగ్గర్ నొక్కి ఉన్నప్పుడు. కంప్రెషర్ మీద గేజ్ 120 చూపిస్తుంటే అందరం నిశ్చింతగా ఉంటాం. కానీ సన్న పైపు, చుట్టలు చుట్టుకునే స్ప్రింగు పైపు, ఇరుకు కప్లర్లు (పైపును గన్‌కు తగిలించే జాయింట్లు), మధ్యలో రెండు మూడు అతుకులు ఉంటే గాలి నడిచేటప్పుడు ఒత్తిడి దారిలోనే పడిపోతుంది.

పరీక్ష చాలా సులువు. గన్ వెనుక ఒక టీ జాయింట్ పెట్టి చిన్న గేజ్ బిగించండి. ఊరికే ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో చూసి, ట్రిగ్గర్ నొక్కి మళ్లీ చూడండి. ముల్లు జారిపోతుంటే గన్‌ను తిట్టి లాభం లేదు. అర ఇంచు గన్‌కు పైపు లోపలి వ్యాసం కనీసం 10 మి.మీ. ఉండాలి. పైపు పొడవైతే 13 మి.మీ. వేసుకోవడం మేలు. మా షాపులో పైపు, కప్లర్లు మార్చిన రోజు గన్ శబ్దమే మారిపోయింది. గునిసి గునిసి కొట్టేది కాస్తా టకటకా అందుకుంది.

తర్వాతి శత్రువు నీళ్లు. కోస్తాలో గాలిలో ఉండే తేమ సంగతి చెప్పక్కర్లేదు. కంప్రెషర్ ఆ తేమనంతా నొక్కి ట్యాంకు అడుగున నీళ్లు చేస్తుంది. వర్షాకాలంలో సాయంత్రం డ్రెయిన్ వాల్వ్ తిప్పితే గోధుమ రంగు నీళ్లు జల్లున కొడతాయి. తీయకపోతే అవే పైపులోంచి గన్‌లోకి వెళ్లి సిలిండర్‌కు, బేరింగులకు తుప్పు పట్టిస్తాయి. రోజూ షట్టర్ దించే ముందు డ్రెయిన్ తిప్పడం మా కుర్రాళ్లకు అలవాటైంది. లైనులో ఫిల్టర్, నీటి ట్రాప్ పెట్టించాం. టైర్లకు గాలి కూడా ఇదే లైను నుంచి పడుతుంది కాబట్టి నూనె కలిపే లూబ్రికేటర్ మాత్రం పెట్టలేదు. టైర్లలోకి నూనె పోకూడదు.

లూబ్రికేటర్ లేదు కాబట్టి నూనె చేత్తోనే వేయాలి. పొద్దున పని మొదలుపెట్టే ముందు గాలి ఎక్కే చోట నాలుగైదు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేసి, కొన్ని సెకన్లు వట్టిగా తిప్పడం. అంతే. ఇంజన్ ఆయిల్ చిక్కగా ఉండి వేన్లను, అంటే రోటరు గాడుల్లో కూర్చునే పలుచని రేకులను, అంటుకుపోయేలా చేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు త్వరగా ఆరిపోతాయి, అవి నూనెకు బదులు కావు. డీజిల్, పెట్రోలు దగ్గరికే రానివ్వకండి. గాలితో కలిసి పొగమంచులా బయటికి వస్తే నిప్పుకు సిద్ధంగా ఉన్నట్టే. ముందుభాగంలోని హ్యామర్ల సంగతి వేరు. కొన్ని మోడళ్లకు గ్రీజు, కొన్నిటికి నూనె. మాన్యువల్ చూసి వేయండి. గ్రీజు అతిగా కూరితే హ్యామర్లు బద్ధకంగా కదులుతాయి.

 వేన్లు అరిగే వస్తువులే. ట్రిగ్గర్ నొక్కితే గాలి బుస్సుమని పోతూ గన్ తిరగకపోయినా, ఒక తట్టు తడితే తప్ప మొదలవకపోయినా ముందు వీటినే అనుమానించండి. వెనుక మూత బోల్టులు విప్పి రోటరు బయటికి లాగితే గాడుల్లో నల్లటి జిగురు పేరుకుని కనిపిస్తుంది. అది నూనె, తుప్పు, వేన్ల పొడి కలిసిన ముద్ద. కిరోసిన్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. అంచు పెచ్చులూడిన వేన్ ఒక్కటి ఉన్నా సెట్టు మొత్తం మార్చడమే మంచిది. కొత్తవాటిని నూనెలో ముంచి గాడిలో పెడితే ఏ పట్టూ లేకుండా జారాలి. మూత బిగించాక యాన్విల్‌ను చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే మళ్లీ విప్పాల్సిందే. వేన్ల కిట్టు నేను విజయవాడ ఆటోనగర్‌లో తెచ్చుకుంటాను. దానికయ్యే ఖర్చు కొత్త గన్ ధరలో చిన్న వంతు.

బిగించడం దగ్గర మాత్రం ఈ పనిముట్టు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మామూలు కార్ల వీల్ నట్లకు కావాల్సిన బిగువు సుమారు 90 నుంచి 130 న్యూటన్ మీటర్లు. గన్ అంతకు కొన్ని రెట్లు ఇవ్వగలదు. వెనుక ఉండే 1, 2, 3 అంకెలు గాలిని తగ్గిస్తాయే గానీ టార్కును (తిప్పే బలాన్ని) కొలవవు. అదే అంకె మీద పెట్టినా తుప్పు నట్టుకు ఒక బిగువు, కొత్త నట్టుకు ఒక బిగువు వస్తుంది. అతిగా బిగిస్తే స్టడ్ సాగుతుంది, డిస్కు వంకరపోయి బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణుకుతుంది. పైగా దారిలో పంక్చరైతే ఆ ఇంటి ఆడవాళ్లో, పెద్దవాళ్లో బండిలో ఉన్న పానాతో ఆ నట్టు విప్పలేరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మా దగ్గర నట్టును ముందు చేత్తో నాలుగు చుట్లు ఎక్కిస్తాం, గన్‌ను తక్కువ మీద పెట్టి ఆనిస్తాం, ఆఖరి బిగువు బండి కిందికి దించాక, బిగువును కొలిచి బిగించే టార్క్ రెంచితోనే. "అన్నా, గన్‌తో కొట్టేస్తే అయిపోయేదిగా" అని తొందరపెట్టే డ్రైవర్లు ఉంటారు. ఆ రెండు నిమిషాలు ఆగమనే చెబుతాను. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ చూపించుకోమని కూడా చెబుతాను.

సాకెట్లు నల్లటి ఇంపాక్ట్ రకమే వాడాలి. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పనికి చేసినవి, దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. కంటికి అద్దాలు, చెవికి ప్లగ్గులు పెట్టుకోకుండా మా షాపులో ఎవరూ గన్ పట్టరు. 8 గంటల పనికి మన దేశంలో అనుమతించే శబ్దం 90 డెసిబెల్స్. నట్టు మీద కొట్టేటప్పుడు గన్ శబ్దం దాన్ని సులభంగా దాటుతుంది.

ఈమధ్య బ్యాటరీ గన్‌లు బాగా వచ్చాయి. రోడ్డు మీద ఆగిన బండి దగ్గరికి వెళ్లాలంటే నేనూ అదే తీసుకెళతాను. షాపులో మాత్రం టైర్లకు గాలి పట్టడానికి కంప్రెషర్ ఎలాగూ నడుస్తుంది. ఎయిర్ గన్ తేలిక, ఎంతసేపు వాడినా చార్జింగు గొడవ లేదు, నీళ్ల తడి చేతులతో పట్టుకున్నా టెన్షన్ లేదు. లారీ చక్రాలకు ఇది చాలదు, వాటికి ఒక ఇంచు గన్ కావాలి.

కొనేటప్పుడు పెట్టె మీద రాసిన పెద్ద టార్కు అంకె చూసి మోసపోకండి. అది తరచుగా విప్పే వైపు, కొద్ది క్షణాలకు కొలిచింది. వేన్ కిట్, ట్రిగ్గర్ వాల్వ్, యాన్విల్, దాని చివర సాకెట్‌ను పట్టుకునే రింగు విడిగా దొరుకుతాయో లేదో షాపువాణ్ణి ముందే అడగండి. ఆ రింగు అరిగితే పని మధ్యలో సాకెట్ ఊడి కాలి మీద పడుతుంది. విడిభాగాలు లేవంటే ఎంత చవగ్గా ఇచ్చినా ఆ గన్ తీసుకోకండి.