పీప్ సైట్ కొనేముందు, గొట్టానికి చిల్లు పెట్టించేముందు ఒక్కసారి ఇది చదవండి

"హాకెన్ తరహా తుపాకులన్నిటికీ సరిపోతుంది, చిల్లులు పెట్టే పనే లేదు" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పీప్ సైట్ మీలో ఎవరైనా కొనబోతుంటే కాస్త ఆగండి. పీప్ సైట్ అంటే తుపాకి మీద బిగించి, చిన్న చిల్లులోంచి గురి చూసే పరికరం. హాకెన్ అంటే మూతి వైపు నుంచి మందు దట్టించే పాతకాలపు రైఫిల్ రకం. ఆ ప్రకటన నమ్మి 95 డాలర్లు పెట్టాను. డబ్బు పోతే పోయింది. దాని వల్ల నా తుపాకి గొట్టం పాడైంది, నా కుడి కన్ను పోవాల్సింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేనుండేది అమెరికాలోని కొలరాడోలో. ఇక్కడ సెప్టెంబరులో తొమ్మిది రోజులు మజిల్‌లోడర్ వేట సీజన్ ఉంటుంది. మూతి వైపు నుంచి మందు పోసి, గుండు దట్టించి కాల్చే తుపాకులకే అది ప్రత్యేకం. మనవైపు నాటు తుపాకి అంటారే, పద్ధతి అదే. ఆ సీజన్‌లో స్కోపు, అంటే తుపాకి మీది దుర్బిణి, పెట్టుకోనివ్వరు, పీప్ సైట్ పెట్టుకోవచ్చు. నాది వాడిన 0.50 క్యాలిబర్ హాకెన్ తరహా రైఫిల్, 28 అంగుళాల ఎనిమిది పలకల గొట్టం. నాకు 48 ఏళ్ళు, చత్వారం వచ్చింది. రియర్ సైట్‌లోని (కంటి వైపున్న గురి ముక్క) గాడి, ఫ్రంట్ సైట్ (మూతి దగ్గరి గురి ముక్క), జింక, మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడే రోజులు పోయాయి. గాడి మసకబారిపోతుంది. పీప్ సైట్‌లో ఆ బాధ లేదు. కంటికి దగ్గరగా చిన్న చిల్లు ఉంటుంది, అందులోంచి చూస్తే కన్ను దానంతటదే మధ్యకి చేరుతుంది, ఫ్రంట్ సైట్ కూడా తేటగా కనిపిస్తుంది. నలభై దాటినవాళ్ళకి ఇంతకన్నా మంచి ఉపాయం లేదని ఇప్పటికీ నమ్ముతాను. తప్పు పీప్ సైట్‌ది కాదు, నాకు అమ్మిన సరుకుది, దాన్ని బిగించిన తీరుది.

పార్సెల్ వచ్చిన రోజే అనుమానం వచ్చింది. ఈ రకం సైట్ గొట్టం వెనకున్న ట్యాంగ్ మీద, అంటే చెక్కలోకి దిగే ఇనుప తోక మీద కూర్చోవాలి. ట్యాంగ్‌ని పట్టి ఉంచే పాత మర తీసేసి, వాళ్ళిచ్చిన పొడుగు మరని సైట్‌లోంచి దింపి బిగించాలి. నా ట్యాంగ్ వంపు వేరు, సైట్ అడుగు వంపు వేరు. వేలితో నొక్కితే కుర్చీ కాలు కింద రాయి పడ్డట్టు ఊగింది. అయినా బిగించి చూశాను. అప్పుడింకో సంగతి బయటపడింది. ఆ మర కింద ట్రిగర్ పలకలోకి దిగుతుంది. అవసరానికి మించి పొడుగుండటంతో సెట్ ట్రిగర్ (ముందే సెట్ చేసి పెడితే, ఆ తర్వాత తేలిగ్గా ముట్టుకున్నా చాలు పేల్చేది) పట్టు నిలవడం మానేసింది. వెనక ట్రిగర్ లాగి సెట్ చేస్తే, ముందు ట్రిగర్ ముట్టుకోకుండానే జారిపోయింది. క్యాప్ (మందుని అంటించే చిన్న టోపీ) పెట్టలేదు, మందు లేదు కాబట్టి బతికిపోయాను. ట్యాంగ్ మర మార్చిన ప్రతిసారీ, ఖాళీ తుపాకీతో ట్రిగర్‌ని పదిసార్లైనా పరీక్షించకుండా రేంజికి (కాల్చి చూసే మైదానానికి) వెళ్ళకండి.

హాకెన్‌లలో ఇంకో చిక్కు కూడా ఉంది, అమ్మేవాళ్ళు చెప్పరు. చాలావాటిలో గొట్టం వెనక కొక్కెం ఉంటుంది, చీల లాగితే గొట్టం విడిగా వచ్చేస్తుంది, కడగడానికి సుఖం. కానీ ట్యాంగ్ చెక్కతోనే ఉండిపోతుంది. అంటే ఫ్రంట్ సైట్ గొట్టం మీద, పీప్ సైట్ చెక్క మీద. కొక్కెం వదులుగా ఉంటే, గొట్టం తీసి పెట్టినప్పుడల్లా గురి మారిపోతుంది.

ఇదంతా ఊళ్ళో ఉన్న ఒక గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసే అతనికి, చెప్పాను. "ట్యాంగ్ వదిలెయ్, ఇదే సైట్‌ని గొట్టం పై పలక మీద రెండు మరలతో బిగిస్తాను, 60 డాలర్లు" అన్నాడు. సరే అన్నాను. ఇక్కడే నేను లెక్క చూసుకోవాల్సింది. పలక నుంచి ఎదురు పలకకి నా గొట్టం మందం 15/16 అంగుళం. మధ్యలో గుండు వెళ్ళే రంధ్రం, అదే బోరు, అరంగుళం. మిగిలింది రెండుగా పంచితే ఒక్కో వైపు గోడ 7/32 అంగుళం, ఐదున్నర మిల్లీమీటర్లు. అందులోంచి లోపల గుండుని తిప్పే రైఫ్లింగ్ గాడి లోతు కూడా తీసేయాలి. మరకి చిల్లు లోతు 1/8 అంగుళం మించదని అతను అన్నాడు. ఆ లోతులో ఆగితే భయం లేదు. కానీ మర గాట్లు కోసే ట్యాప్ మొన సన్నగా ఉంటే చిల్లు అడుగున గాట్లు పడవు. అడుగుదాకా కోయడానికి బల్లపరుపు మొన ఉన్న ట్యాప్ వేరే ఉంటుంది. అతని దగ్గర అది లేదట. అందుకని చిల్లు ఇంకాస్త లోతుకి దింపాడు. ఈ విషయం నాకు తర్వాత తెలిసింది, అదీ నేను గుచ్చి గుచ్చి అడిగితే.

రేంజిలో 80 గ్రెయిన్ల మందు, 0.490 అంగుళం గుండు, దాని చుట్టూ గుడ్డ ప్యాచ్, ఎప్పుడూ వాడేదే. 50 గజాల దగ్గర గుండ్లన్నీ పది అంగుళాలు పైకి పోయాయి. పీప్‌ని పూర్తిగా కిందికి దించినా అంతే. ఇదీ కొనేముందే చూసుకోవాల్సిన లెక్క. నా పీప్ చిల్లు ఉండాల్సిన ఎత్తు కన్నా 0.15 అంగుళం పైనుంది. ఫ్రంట్ సైట్‌కీ పీప్‌కీ మధ్య 26 అంగుళాలు. 50 గజాలంటే 1800 అంగుళాలు. 1800ని 26తో భాగించి 0.15తో గుణించండి, పది పైనే వస్తుంది. అంటే ఫ్రంట్ సైట్ కూడా అంతే ఎత్తు పెంచి మార్చాలి. ఆ ఖర్చు గురించి ప్రకటనలో ఒక్క ముక్క లేదు. పాత రియర్ సైట్ చూపుకి అడ్డం వస్తుందనీ, అది తీసేసి ఆ గాడిని మూసే ముక్క ఇంకోటి కొనాలనీ కూడా లేదు.

ఎనిమిదో గుండు తర్వాత సైట్ అడుగున, ముందు మర పక్కన, సన్నటి నల్లటి చార కనిపించింది. మసేమో అనుకుని తుడిచాను. మరో రెండు కాల్చాక మళ్ళీ వచ్చింది. అక్కడితో ఆపేశాను. ఆపినందుకు ఆ దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

ఇంటికొచ్చి గొట్టం విడదీసి, వెనక భాగం వేడినీళ్ళ బకెట్‌లో పెట్టి కడ్డీతో నీళ్ళు లాగుతున్నా. కడ్డీ మీది గుడ్డ ఒకే చోట పట్టేస్తోంది, బయటికి తీస్తే పోగులు చిరిగి ఉన్నాయి. గొట్టం బయటికి తీసి, ముందు మర విప్పి, మళ్ళీ నీళ్ళు నెట్టాను. మర ఉన్న చిల్లులోంచి నీళ్ళు చిమ్మాయి. చిల్లు నేరుగా బోరులోకి దిగిపోయింది, అదీ మందు కూర్చునే చోట. పది సార్లు ఆ మందు వేడికీ, ఒత్తిడికీ, నా కంటికీ మధ్య ఉన్నది ఆ చిన్న మర, అరకొర గాట్లు. అది ఎగిరొచ్చి ఉంటే నేరుగా తగిలేది పీప్ దగ్గర పెట్టిన కంటికే. ఆ రాత్రి మా ఆవిడకి ఈ సంగతి చెప్పలేకపోయాను, మర్నాడు చెప్పాను.

అమ్మినవాడికి ఫొటోలు పంపితే "మీరు మార్పులు చేశారు, తీసుకోం" అన్నాడు. గన్‌స్మిత్ 60 డాలర్లు తిరిగిచ్చాడు, ఆ చిల్లు వెల్డింగ్‌తో పూడ్చి ఇస్తానన్నాడు. వద్దన్నాను. మందు పేలే చోట అలా పూడ్చిన గొట్టాన్ని నా చెంపకి ఆనించుకోలేను. మీకు ఎవరైనా అలా చెబితే మీరూ ఒప్పుకోకండి.

ఇక కొనేవాళ్ళకి. ముందు మీ తుపాకి ఏ తయారీ, ఏ మోడల్ అన్నది చూసి, ఆ మోడల్ పేరు సైట్ పెట్టె మీద ఉంటేనే తీసుకోండి. 'హాకెన్' అన్నది ఒక కొలత కాదు. సెయింట్ లూయిస్‌లో హాకెన్ అన్నదమ్ములు చేసిన బరువైన రైఫిళ్ళు వేరు, 1970లో థాంప్సన్ సెంటర్ అనే కంపెనీ ఆ పేరుతో తెచ్చినది వేరు, ఇటలీ నుంచి వచ్చేవి వేరు. గొట్టం మందాలు, ట్యాంగ్ వంపులు, మర గాట్లు ఒకదానికొకటి కలవవు. ఫ్యాక్టరీలోనే చిల్లులు వేసి ఉన్న గొట్టమైతే వాటికి సరిపోయే సైటే కొనండి, కొత్త చిల్లు వద్దు. తప్పదంటే, ఎంత లోతు, ఏ ట్యాప్, గోడ ఎంత మిగులుతుంది అన్నది కాగితం మీద రాయించుకోండి. విసుక్కునే మనిషైతే తుపాకి తీసుకుని వెనక్కి వచ్చేయండి. వేట కోసమైతే పీప్‌లోని సన్న చిల్లు డిస్క్ తీసేయడానికి వీలుందో లేదో అడగండి. తెల్లవారుజామున ఆ సన్న చిల్లులోంచి ఏమీ కనబడదు.

అన్నిటికన్నా ముందు ఒకటి. పాత తుపాకి కొన్నా, పనికి ఇచ్చినా, లోపల మందు లేదని కడ్డీతో చూసుకోండి. కడ్డీని అడుగుదాకా దింపి మూతి దగ్గర గుర్తు పెట్టండి, బయటికి తీసి గొట్టం పక్కన ఆ గుర్తు దాకా ఆనించండి. కొన క్యాప్ పెట్టే నిపుల్ దగ్గరిదాకా రావాలి. రాకపోతే లోపల ఏదో ఉంది. ఏళ్ళ తరబడి గోడకి వేలాడిన తుపాకీలో దట్టించిన మందు అలాగే ఉండిపోవచ్చు, అది పేలుతుంది కూడా. దాని మీద డ్రిల్లు పెట్టడం ఊహించుకోండి.

ఆ సైట్ ఈరోజు పొద్దున కూడా అదే ఫొటోతో, అదే మాటతో అమ్మకానికి ఉంది, చూశాను. నా పాత గొట్టాన్ని ఎవరికీ అమ్మలేదు. మరలు బిగించి తుడిచి పెడితే చూసేవాళ్ళకి బాగానే కనిపిస్తుంది, ఎవరో ఒకరు కొనేస్తారు. అందుకే చిల్లు దగ్గర రంపంతో కోయించి రెండు ముక్కలు చేశాను.