బాంటం కోళ్లలో కొత్త రంగు: నీలమా, లావెండరా, ఏది మేలు?

విశాఖలో మేడ మీద నాలుగు గూళ్లు కట్టుకుని నల్ల కొచ్చిన్ బాంటంలు, అంటే కొచ్చిన్ జాతిలో చిన్న సైజు కోళ్లు, పెంచేవారికి రెండు మూడేళ్లు తిరిగేసరికి ఒక కోరిక పుడుతుంది. ఒళ్లు ఇలాగే గుండ్రంగా ఉండాలి, కాళ్ల ఈకలు ఇలాగే ఒత్తుగా ఉండాలి, రంగు మాత్రం చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేనిది కావాలి. పుంజును చూడగానే కాకి, డేగ, నెమలి, సేతువ అని రంగుతోనే పిలిచే ప్రాంతం మనది, కాబట్టి ఈ మోజు సహజమే. నలుపుతో మొదలుపెట్టేవారి ముందు ముఖ్యంగా రెండు దారులున్నాయి: నీలం, లావెండర్. నా మొగ్గు నీలం వైపు. అయితే లావెండర్‌ను కొట్టిపారేయలేం.

దూరం నుంచి చూస్తే రెండూ బూడిద రంగు కోళ్లే. తేడా తెలియాలంటే పుంజును చేతిలోకి తీసుకుని మెడ ఈకలు చూడాలి. నీలం పుంజుకు మెడ, వీపు దాదాపు నల్లగా ఉంటాయి. రొమ్ము మీద ప్రతి ఈకకూ చుట్టూ కాటుక దిద్దినట్టు ముదురు అంచు కనిపిస్తుంది. లావెండర్ పుంజుకు అంచు ఉండదు. మెడ నుంచి తోక దాకా ఒకే లేత వెండి బూడిద రంగు. మరో తేడా కూడా ఉంది. నీలం జన్యువు నలుపును మాత్రమే పలచబరుస్తుంది, ఎరుపు జోలికి పోదు. లావెండర్ రెండింటినీ పలచబరుస్తుంది, ఎరుపును గడ్డి రంగులోకి దించుతుంది. డేగ రంగు బాంటంలతో మొదలుపెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఆ ఎరుపు అలాగే నిలవాలంటే నీలమే దారి.

ఇక వారసత్వం. ప్రతి జన్యువూ తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటిగా రెండు ప్రతుల్లో రావచ్చు; నీలం కోడిలో నీలం జన్యువు ఒకే ప్రతి ఉంటుంది. అండలూసియన్ జాతి కోళ్ల మీద జన్యుశాస్త్రవేత్తలు బేట్సన్, పన్నెట్ 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే ఈ లెక్క తేల్చారు. నీలానికి నీలాన్ని జత చేస్తే పిల్లల్లో సగం నీలం, పావు వంతు నలుపు, పావు వంతు స్ప్లాష్, అంటే ఆ జన్యువు రెండు ప్రతులూ ఉండి తెల్లటి ఒంటి మీద నీలి మరకలున్నవి. అందుకే నీలం ఎప్పటికీ నిలకడగా రాదని చాలామంది నిరాశపడతారు. కానీ స్ప్లాష్ పుంజును నల్ల పెట్టలకు కడితే పుట్టే పిల్లలన్నీ నీలమే. ఒక స్ప్లాష్ పుంజు, మూడు మంచి నల్ల పెట్టలు ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త: స్ప్లాష్ పుంజు ఒంటి మీద ఆ ముదురు అంచు ఎంత బాగుందో పైకి తెలియదు. దాన్ని దాని పిల్లలను చూసే నిర్ణయించాలి.

లావెండర్ రెండు ప్రతులుంటే తప్ప బయటపడదు. లావెండర్‌ను నలుపుతో కలిపితే అన్నీ నల్ల పిల్లలే పుడతాయి, లోపల మాత్రం ఆ జన్యువును మోస్తుంటాయి. వాటినే ఒకదానితో ఒకటి జత చేస్తే నాలుగింట ఒకటి లావెండర్. అలా వచ్చిన లావెండర్లను తమలో తాము జత చేస్తే పిల్లలన్నీ లావెండరే. ఈ ఒక్క గుణం కోసమే చాలామంది దాన్ని ఇష్టపడతారు, అది న్యాయమే.

అసలు ప్రశ్న వేరే చోట ఉంది: ఆ జన్యువు ఎక్కడి నుంచి వస్తుంది? మీ జాతిలోనే, మీ పరిమాణంలోనే ఆ రంగు కోడి దొరికితే సమస్యే లేదు. దొరకనప్పుడు వేరే జాతి నుంచి తేవాలి, దానితోపాటు అక్కర్లేనివన్నీ వస్తాయి. ఉదాహరణకు లావెండర్ కోసం సిల్కీ అనే జాతి కోడిని వాడారనుకోండి. ఐదో వేలు, నల్ల చర్మం, తల మీద కుచ్చు చాలావరకు మొదటి తరంలోనే కనిపిస్తాయి. వెంట్రుకల్లాంటి సిల్కీ ఈక మాత్రం లావెండర్ లాగే దాక్కుని రెండో తరంలో బయటపడుతుంది. దాన్ని మందలోంచి పూర్తిగా తీసేయడానికి ఏళ్లు పడుతుంది. నీలం కోసం పెద్ద కొచ్చిన్‌ను వాడితే ఆకారం దాదాపు సరిపోతుంది, దించాల్సింది పరిమాణమే. అక్కడ బాంటం పుంజును పెద్ద పెట్టకు కట్టండి. పెద్ద పుంజు బరువుకు చిన్న పెట్ట వీపు చీరుకుపోతుంది.

మన దగ్గర ఏడాదికి ఒక తరం అనుకోవడమే మంచిది. పొదిగించడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. ఏప్రిల్, మే ఉక్కలో గుడ్లు సరిగా పొదగవు. ఈకలు పూర్తిగా నిండితేగానీ రంగు మీద తీర్పు చెప్పలేం. ఈ లెక్కన నాలుగేళ్లు చూడండి. నీలం కంటికి కనబడుతుంది కాబట్టి ప్రతి ఏడాదీ నీలం పిల్లలను ఏరి మళ్లీ మన నల్ల బాంటంలకే కట్టవచ్చు. మొదటి ఏడాది 50 శాతం, తర్వాత 75, 87.5, నాలుగో ఏడాదికి సగటున 93.75 శాతం మన జాతి రక్తం. లావెండర్ దాక్కుంటుంది కాబట్టి ఒక ఏడాది కలపడం, ఒక ఏడాది బయటకు లాగడం. నాలుగో ఏడాది చేతికొచ్చే లావెండర్లలో మన రక్తం సగటున 75 శాతమే. 24 పిల్లలు పుడితే నీలం దారిలో సుమారు 12 పనికొస్తాయి, లావెండర్ దారిలో సుమారు 6. వాటిలో సగం పుంజులే. నాలుగు గూళ్లున్నవారికి ఇది చాలా పెద్ద తేడా.

ఈకల నాణ్యత సంగతి కూడా చెప్పాలి. లావెండర్ కోళ్లలో తోక, రెక్కల ఈకలు చీలికలై పీచులా మారే లోపం తరచుగా కనిపిస్తుంది. ఈకలు రావడం కూడా ఆలస్యమవుతుంది. నిరంతరం లావెండర్‌ను లావెండర్‌కే కడుతూ పోతే ఇది ముదురుతుంది. అందుకే కొన్ని తరాలకోసారి మంచి ఈకలున్న నలుపుకు తిరిగి వెళ్లాలి. అంటే నిలకడ అనే దాని అసలు లాభం కొంత అక్కడే కరిగిపోతుంది. ఎండ మాత్రం రెండింటికీ శత్రువే. మధ్యాహ్నపు ఎండ తగిలితే పుంజుల మెడ, వీపు మీద పసుపు ఛాయ పడుతుంది. కోళ్ల ప్రదర్శనకు పంపే పుంజుకు ఉదయపు ఎండ చాలు, తర్వాత నీడ ఉండాలి. వానాకాలంలో కాళ్ల ఈకలు తడిసి బురద పట్టకుండా నేల మీద పొడి ఊక ఎప్పటికప్పుడు మార్చాలి.

చాక్లెట్ అనే మూడో రంగు కూడా ఉంది. అది లింగంతో ముడిపడిన రంగు. చాక్లెట్ పుంజును నల్ల పెట్టకు కడితే పెట్టపిల్లలన్నీ చాక్లెటే, పుంజుపిల్లలన్నీ నలుపే. ముచ్చటైన లెక్క, కానీ నమ్మకమైన మొదటి పుంజు దొరికితేనే దాని గురించి ఆలోచించండి.

లావెండర్‌నే ఎంచుకున్నవారు మందను ఒకే మేడ మీద ఉంచకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో మేడల మీద ఏం మిగిలిందో అందరికీ తెలుసు. తుపాను కాకపోయినా కోళ్లకు వచ్చే రాణిఖేత్ తెగులు ఒక్కసారి సోకితే చాలు, ఏళ్ల పని పోతుంది. ఆ జన్యువు మోసే రెండు మూడు కోళ్లను ఆనందపురంలోనో పెందుర్తిలోనో ఉన్న స్నేహితుడి ఇంట్లో ఉంచాలి.

నీలం గూట్లో పుట్టిన నల్ల పిల్లలో నీలం జన్యువు ఉండదు. దాన్ని నిశ్చింతగా నలుపుగా ఇవ్వవచ్చు, నల్ల పెట్టగా మళ్లీ వాడుకోవచ్చు. లావెండర్ మోసే జంటకు పుట్టిన నల్ల పిల్లల్లో మాత్రం సగటున మూడింట రెండు ఆ జన్యువును మోస్తాయి, ఏవో చూసి చెప్పలేం. ఆ పిల్లలకు మొదటి నెలలోనే కాలికి రంగు రింగు వేయండి, పెరిగేకొద్దీ పెద్ద రింగు మార్చండి, తల్లిదండ్రుల వివరం పుస్తకంలో రాయండి. అమ్మేటప్పుడు ఆ మాట కొనేవారికి ముందే చెప్పండి.