శాకాహారుల పల్స్ తగ్గాలంటే ఏది మేలు: తిండి మార్చడమా, నడకా?

పొద్దున నిద్ర లేచాక, మంచం దిగకముందే మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. అదే మీ పల్స్. పెద్దవాళ్లకు 60 నుంచి 100 దాకా మామూలే అంటారు. కానీ రోజూ పొద్దున్నే 90 దగ్గర ఉంటుంటే, మామూలేలే అని వదిలేయకూడదు. కోపెన్‌హాగన్‌లో మగవాళ్లను 16 ఏళ్లపాటు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, విశ్రాంతి పల్స్ ఎక్కువగా ఉన్నవాళ్లలో మరణాలూ ఎక్కువగానే కనిపించాయి.

మాంసం, చేప ముట్టని ఇళ్లలో పల్స్ ఎక్కువని తెలియగానే వచ్చే సలహాలు రెండు. ఒకరు "వాకింగ్ మొదలుపెట్టు" అంటారు, ఇంకొకరు "తిండి సరిగా తిను" అంటారు. ఏది ముందన్నది ఆ మనిషి ఒంట్లో రక్తం ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుందని నా అభిప్రాయం.

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. కొట్టుకున్న ప్రతిసారీ 70 మిల్లీలీటర్లు పంపే గుండె అందుకు 72 సార్లు కొట్టుకోవాలి. 84 మిల్లీలీటర్లు పంపగలిగితే 60 సార్లు చాలు. క్రమం తప్పని వ్యాయామం చేసే మేలు ఇదే. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె గది బాగా నిండుతుంది, కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం వెళ్తుంది. మామూలు మనుషుల్లో కొన్ని నెలల సాధనతో నిమిషానికి మూడు నుంచి ఆరు దాకా తగ్గడం చూడొచ్చు. ఏళ్ల తరబడి పరుగెత్తేవాళ్లలో 50 కన్నా తక్కువ ఉండటమూ వింతేమీ కాదు.

అయితే ఫోన్ చూసుకుంటూ అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగే నడకకు ఇంత ఫలితం రాదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత వేగం ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు. బరువులెత్తడం కండకు, ఎముకకు మంచిదే కానీ పల్స్ తగ్గించడంలో వేగంగా నడవడం, సైకిల్ తొక్కడం దానికన్నా మెరుగు. యోగా కూడా పల్స్ తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి.

మరి తిండి సంగతి? చేపనూనెలోని ఒమేగా-3 అనే కొవ్వు పల్స్‌ను తగ్గిస్తుంది గానీ, పరీక్షలన్నీ కలిపి చూస్తే ఆ తగ్గుదల నిమిషానికి రెండు కూడా లేదు. శాకాహారులకు అవిసె గింజలు, వాల్‌నట్స్ ఉన్నా, వాటిలోని ఒమేగా-3ని చేపనూనె రకంగా మార్చుకోవడం మన ఒంటికి కొద్దిగానే చేతనవుతుంది. పప్పుల కథ ఇంకాస్త ఆశాజనకం. టొరంటోలో టైప్-2 షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలలపాటు రోజూ ఒక కప్పు పప్పు ధాన్యాలు తింటే పల్స్ మూడు దాకా తగ్గిందని 2012లో వచ్చిన పరిశోధన చెప్పింది. శనగలు, అలసందలు, పెసలు మనకు కొత్తేమీ కాదు. కాకపోతే పళ్లెంలో కొండంత అన్నం మీద ఒక గరిటె పప్పు వేసుకుంటే కప్పు లెక్క తేలదు.

ఇదంతా రక్తం సరిపడా ఉన్నవాళ్ల మాట. ఆ స్థితిలో నా ఓటు వ్యాయామానికే.

రక్తం తక్కువైతే లెక్క తిరగబడుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ తగ్గితే అదే 5 లీటర్లలో ఆక్సిజన్ తక్కువ వెళ్తుంది కాబట్టి, గుండె ఆ లోటును వేగంతో పూడుస్తుంది. మెట్లెక్కితే ఆయాసం, దడ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇలాంటి మనిషిని పట్టుకుని "బద్ధకం వదిలి నడువు" అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

శాకాహారంలో ఐరన్ లేక కాదు, అది ఒంటికి సులువుగా పట్టదు. చాలా ఇళ్లలో ఇల్లాలు అందరికీ వడ్డించి, చివర్లో రెండు ఇడ్లీలు తిని, వెంటనే వేడివేడి టీ తాగుతుంది. ఆ టీ, తిన్నదాంట్లో ఐరన్‌ను సరిగా పట్టనివ్వదు. కాఫీ కూడా అంతే. కనీసం గంట ఆగి తాగితే నయం. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకున్నా, భోజనంతో జామకాయ తిన్నా విటమిన్ సి వల్ల ఐరన్ బాగా పడుతుంది. బీట్‌రూట్ జ్యూస్ తాగితే రక్తం పడుతుందనే నమ్మకం మాత్రం వదిలేయాలి, రంగే తప్ప అందులో ఐరన్ కొంచెమే.

రక్తం తయారవడానికి కావాల్సిన విటమిన్ బీ12 ఇంకో చిక్కు. ఆకుకూరల్లో, పప్పుల్లో అది ఉండదు. పాలు, పెరుగే దిక్కు. పలచటి మజ్జిగతో సరిపెట్టుకునేవాళ్లకు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు లోటు వచ్చే అవకాశం ఎక్కువ. ఐరన్, బీ12 లోటు బాగా ముదిరాక తిండి ఒక్కటే చాలదు, డాక్టర్ చెప్పిన మాత్రలు కావాలి.

అందుకే పల్స్ ఎక్కువున్న శాకాహారులు షూ కొనేముందు హిమోగ్లోబిన్, బీ12, వాటితోపాటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కన్నా హిమోగ్లోబిన్ తక్కువుంటే మందు, తిండి ముందు. మెల్లగా నడవొచ్చు గానీ ఆయాసం వచ్చేదాకా వద్దు. కూర్చున్నా 100 దాటుతుంటే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, గుండెకు సాధన పట్టడానికీ నెలలే కావాలి. కాబట్టి ఏ దారి పట్టినా, రోజూ వాచీలో అంకె చూసి టెన్షన్ పడకుండా మూడు నెలల తర్వాత మళ్లీ అలాగే పొద్దున్నే లెక్కపెట్టి పోల్చుకోండి.